ప్రింట్ ఇవ్వగానే ఆరిపోయే కంప్యూటర్: తప్పు మిషన్‌దా, ప్రోగ్రాములదా?

గోదావరి జిల్లాల్లోని ఒక మండల కేంద్రం నుంచి వచ్చిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వద్దన్నారు. ఆవిడ పన్నెండేళ్లుగా డీటీపీ, జిరాక్స్ సెంటరు నడుపుతున్నారు. శుభలేఖలు, కరపత్రాలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు, పెద్దకర్మ కార్డులు, అన్నీ పేజీలు కూర్చే పేజ్‌మేకర్ అనే ప్రోగ్రాములో, అనూ తెలుగు ఫాంట్లతో చేస్తారు. ఆరేళ్ల కిందట కొన్న ఐ3 ప్రాసెసర్ కంప్యూటర్ ఒక్కటే ఆధారం. దసరా దాటినప్పటి నుంచి అది సతాయిస్తోంది. ఒక్కోసారి పని మధ్యలో నీలి తెర వచ్చి, ఇంగ్లీషులో ఏదో చూపించి, మళ్లీ మొదటి నుంచి ఆన్ అవుతోంది. ఒక్కోసారి ఆ నీలి తెర కూడా రాకుండా ఫ్యూజు పీకినట్టు టక్కున ఆరిపోతోంది, అదీ ఎక్కువగా ప్రింట్ ఇచ్చినప్పుడే. మాఘమాసం ముహూర్తాల రద్దీలో, ప్రూఫు దిద్దిన శుభలేఖ సేవ్ కాకుండా పోయి పెళ్లివారితో మాట పడ్డారు.

పిన్నిగారి అబ్బాయి కంప్యూటర్లు బాగుచేస్తాడు. "సాఫ్ట్‌వేరే అక్కా" అంటూ మూడుసార్లు ఫార్మాట్ కొట్టాడు. టౌనులో ఒక షాపువాళ్లు పది నిమిషాలు చూసి, లోపలి భాగాలన్నిటినీ కలిపే మదర్‌బోర్డు పోయిందని, కొత్త సిస్టమ్‌కి 38,000 అవుతుందని చెప్పారు. భర్తేమో, ఇంటర్ చదువుతున్న కూతురు రాత్రిళ్లు గేములాడి వైరస్ ఎక్కించిందని కేకలేస్తున్నారు. ఆ పిల్ల నెల రోజులుగా కంప్యూటర్ దగ్గరికే రావడం లేదు. "షాపులో ఇస్తే తమ్ముడు నొచ్చుకుంటాడు, ఇవ్వకపోతే నా గిరాకీ పోతుంది. అసలు తప్పు మిషన్‌దా, లోపలి ప్రోగ్రాములదా? ఎవరి మాట నమ్మను?" అని అడిగారు. చివర్లో మరికొన్ని సంగతులు చేర్చారు. దసరాకి ముందు పాత 4 జీబీ ర్యామ్ (కంప్యూటర్ పనిచేస్తున్నంతసేపు సమాచారం తాత్కాలికంగా ఉంచుకునే ముక్క) పక్కన కొత్తగా 8 జీబీ వేయించారు. ఆ నెలలోనే యూపీఎస్ పోతే, కంప్యూటర్‌నీ ప్రింటర్‌నీ కొట్లో ఉన్న ఇన్వర్టర్ లైనుకి కలిపించారు. క్యాబినెట్ ముట్టుకుంటే అప్పుడప్పుడు చెయ్యి జివ్వుమంటోంది.

అమ్మా,

ముందు మీ పాప సంగతి మాట్లాడతాను. "రాత్రి పాప కూర్చున్నప్పుడు ఒక్కసారి కూడా ఆరిపోలేదు" అని ఉత్తరంలో ఒకచోట రాశారు. ఆ అమ్మాయి దాన్ని వదిలేసి నెల అయినా కంప్యూటర్ తీరు మారలేదని ఇంకోచోట రాశారు. ఈ రెండూ కలిపి మీవారికి చదివి వినిపించండి. మూడుసార్లు ఫార్మాట్ అయిన మిషన్‌లో ఆమె ఎప్పుడో వేసిన గేము మిగిలి ఉండే అవకాశం తక్కువ. వైరస్ అనేదే ఉంటే, రోజూ ఎవరెవరో తెచ్చి గుచ్చే పెన్‌డ్రైవుల నుంచి వచ్చే అవకాశమే ఎక్కువ. నెల రోజులుగా ఆ పిల్ల చేయని తప్పుకి ముడుచుకుని కూర్చుంది. కంప్యూటర్ బాగయ్యేదాకా దీన్ని వాయిదా వేయకండి.

పాప గురించి మీరు మామూలుగా రాసేసిన ఆ వాక్యంలోనే నాకు అసలు ఆచూకీ దొరికింది. పగలు ఆరిపోయే కంప్యూటర్ రాత్రి ఎందుకు బాగుంటోంది? అదే మదర్‌బోర్డు, అదే విండోస్, అదే హార్డ్‌డిస్క్. మరి రాత్రి లేనిదేమిటి? కొట్టు కట్టేశాక ప్రింటర్ ఆపేస్తారు. జిరాక్స్ మిషనూ ఆపేస్తారు. పైగా ఎండ ఉండదు. గేము నడిచేటప్పుడు ప్రాసెసర్ పేజ్‌మేకర్ కంటే చాలా ఎక్కువ కష్టపడుతుంది. ఆ కష్టానికి తట్టుకున్న మిషన్, రెండు పేజీల శుభలేఖ ప్రింటుకి కూలబడుతోందంటే ముందు ప్రింటర్ వైపు చూడాలి.

మీ దగ్గరున్నది లేజర్ ప్రింటర్ అని రాశారు. దాంట్లో పొడి రూపంలో ఉండే ఇంకుని కాగితానికి అతికించడానికి ఫ్యూజర్ అనే వేడి రోలర్ ఉంటుంది. ప్రింట్ ఇచ్చిన ప్రతిసారీ అది కొన్ని సెకన్లలో రెండొందల డిగ్రీల దరిదాపుల్లోకి వేడెక్కాలి. ఆ క్షణంలో ప్రింటర్ ఇస్త్రీపెట్టె లాగినంత కరెంటు లాగుతుంది. ప్రింట్ మొదలవగానే కొట్లో లైటు ఒక్కసారి మసకబారడం మీరు గమనించే ఉంటారు. ఆ కుదుపు మీ కొట్లోని ఇన్వర్టర్ మీద, దాని పక్కనే అదే ప్లగ్గుబోర్డులో ఉన్న కంప్యూటర్ మీద పడుతుంది. కంప్యూటర్‌లో కరెంటు తీసుకునే డబ్బా, అంటే ఎస్ఎంపీఎస్, కరెంటు లేకుండా సుమారు 16 మిల్లీసెకన్లు మాత్రమే నెట్టుకురాగలదు. అదీ కొత్తగా ఉన్నప్పుడు. ఆరేళ్ల వేడికి, లోపల కరెంటుని కాసేపు నిల్వ ఉంచే కెపాసిటర్లు బలహీనపడితే ఆ కాస్త ఓపిక కూడా తగ్గుతుంది. అందుకే లేజర్ ప్రింటర్‌ని యూపీఎస్‌కి గానీ ఇన్వర్టర్‌కి గానీ కలపొద్దని తయారీదారులే చెబుతారు.

మీ తమ్ముడు ఎక్కడ పొరబడ్డాడో ఇప్పుడు చూడండి. "ప్రింట్ ఇస్తే ఆరిపోతోంది" అనగానే ఎవరికైనా ప్రింటర్ డ్రైవర్ (విండోస్‌ని ప్రింటర్‌తో మాట్లాడించే ప్రోగ్రాము) మీదకో, పేజ్‌మేకర్ మీదకో అనుమానం పోతుంది. ప్రింట్ ఇవ్వడం మనం ప్రోగ్రాములో చేసే పనే కదా. కానీ ఆ పనితో పాటు అదే క్షణంలో ఒక హీటర్ కూడా వెలిగింది. సాఫ్ట్‌వేర్ ముసుగులో కరెంటు జబ్బు ఉండొచ్చన్నది నా అనుమానం. అనుమానమే అంటున్నాను, ఎందుకంటే దాన్ని రుజువు చేసే పరీక్షలు మీ చేతిలోనే ఉన్నాయి. పైసా ఖర్చు లేదు.

ఉదయం గిరాకీ లేని సమయంలో, ఫైళ్లన్నీ మూసేసి, ఈ మూడూ చేయండి. మామూలుగా ప్రింట్ ఇస్తే ఆరిపోయే ఫైలు ఒకటి తెరిచి, ప్రింటర్ల జాబితాలో మీ ప్రింటర్ బదులు "మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్" ఎంచుకుని ఒక పదిసార్లు ప్రింట్ ఇవ్వండి. తర్వాత ప్రింటర్ ప్లగ్గు పూర్తిగా పీకేసి, మీ ప్రింటర్‌కే ప్రింట్ ఇవ్వండి. కాగితం రాదు, పని క్యూలో నిలబడుతుంది, అంతే. ఈ రెండింటిలో ఎక్కడ కంప్యూటర్ ఆగినా ప్రోగ్రాముదో, ఫాంటుదో, డ్రైవర్‌దో తప్పు ఉన్నట్టు. నా అంచనా తప్పినట్టు. అప్పుడు మీ తమ్ముడి మాటే నిజం. మూడోది తిరగేసిన పరీక్ష. కంప్యూటర్‌లో ఏ ప్రింటూ ఇవ్వకుండా, ప్రింటర్ మీదే ఉన్న కాపీ బటన్ నొక్కండి. బటన్ లేకపోతే ప్రింటర్‌ని ఆపి మళ్లీ ఆన్ చేయండి, అప్పుడూ రోలర్ వేడెక్కుతుంది. కంప్యూటర్‌కి ఏ పనీ చెప్పకుండానే అది ఆరిపోయిందా? ఇంక సాఫ్ట్‌వేర్ ప్రసక్తే లేదు. ఒక్కసారికి ఆరిపోకపోతే వదిలేయకండి. మధ్యాహ్నం వోల్టేజీ తక్కువున్న వేళ ఇంకోసారి, కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు మరోసారి చూడండి.

అదే తేలితే, ప్రింటర్‌ని ఇన్వర్టర్ లైను నుంచి తీసి, నేరుగా బయటి కరెంటు వచ్చే వేరే 15 ఆంప్స్ ప్లగ్గుకి పెట్టించండి. కరెంటు లేనప్పుడు ప్రింటింగ్ ఆగుతుంది, అది భరించాల్సిన నష్టమే. కంప్యూటర్‌కి చిన్న యూపీఎస్ మళ్లీ కొనుక్కుంటే మంచిది. కొనలేకపోతే, ఇన్వర్టర్‌కి వెనకవైపు యూపీఎస్ మోడ్ అనే స్విచ్ ఉందేమో చూడండి. చాలావాటికి ఉంటుంది. మామూలు మోడ్‌లో కరెంటు పోయినప్పుడు బ్యాటరీకి మారడం ఆలస్యమవుతుంది. ఫ్యానుకి అది తెలియదు, కంప్యూటర్ మాత్రం ఆరిపోతుంది. ఇంత చేశాక కూడా టక్కున ఆరిపోతుంటే ఎస్ఎంపీఎస్ మార్చి చూడాలి. కొనే ముందు తమ్ముడి దగ్గర మంచి స్థితిలో ఉన్నది ఒకటి తెచ్చి రెండు రోజులు తగిలించమనండి.

క్యాబినెట్ జివ్వుమనడం గురించి మీరు చివర్లో ఒక్క ముక్క రాశారు గానీ, నేనైతే ఎలక్ట్రీషియన్‌ని ఈ వారంలోనే పిలిపిస్తాను. ఎస్ఎంపీఎస్ లోపల కరెంటుని వడకట్టే కెపాసిటర్ల నుంచి కాస్త విద్యుత్తు క్యాబినెట్ రేకుకి చేరుతూనే ఉంటుంది. ఎర్త్ తీగ సరిగా ఉంటే అది భూమిలోకి పోతుంది. లేకపోతే మీ చేతిలోకి వస్తుంది. పాత కొట్లలో మూడు కన్నాల ప్లగ్గు ఉంటుంది, పైకన్నం వెనక తీగే ఉండదు. ఇప్పటికి జివ్వుమనే దగ్గరే ఆగింది, కానీ ఇంకేదైనా తీగ తొక్క ఊడి రేకుకి తగిలితే ప్రాణం మీదకొస్తుంది. తడి చేతులతో, చెప్పులు లేకుండా దాన్ని ముట్టుకోకండి. కంప్యూటర్ బాగైనా కాకపోయినా ఎర్త్ మాత్రం వేయించాల్సిందే.

ఇప్పటిదాకా చెప్పింది టక్కున ఆరిపోవడం గురించి. నీలి తెర వేరే లెక్క. మీరు, మీ తమ్ముడు, షాపువాళ్లు రెండింటినీ ఒకే జబ్బుగా చూడటం వల్ల చిక్కు పెరిగిందనుకుంటున్నాను. ఆరిపోయినప్పుడు విండోస్‌కి ఒక్క ముక్క రాసుకునే వ్యవధి కూడా ఉండదు. నీలి తెర వచ్చిందంటే, ఇక ముందుకెళ్తే నష్టమని విండోసే గుర్తించి, కారణం రాసిపెట్టి ఆగిందన్న మాట. ఏది ఎన్నిసార్లు జరిగిందో కంప్యూటర్‌లోనే లెక్క ఉంటుంది. స్టార్ట్ మెనూలో "రిలయబిలిటీ" అని కొడితే వచ్చే పేజీలో రోజువారీగా ఎర్ర గుర్తులు కనిపిస్తాయి. ఇంకాస్త లోతుకి వెళ్లాలంటే, జరిగినవన్నీ విండోస్ రాసిపెట్టుకున్న చిట్టాని చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో, విండోస్ లాగ్స్ కింద సిస్టమ్‌లో "కెర్నల్-పవర్ 41" అనే వరుసల కోసం వెతకమనండి. చాలామంది ఆ పేరు చూసి అదే రోగం అనుకుంటారు. "పోయినసారి సరిగ్గా షట్‌డౌన్ కాలేదు" అని తర్వాత ఆన్ అయ్యాక విండోస్ రాసుకున్న మాట అది, అంతే. దాని డీటెయిల్స్‌లో "బగ్‌చెక్ కోడ్" దగ్గర 0 ఉంటే నీలి తెర నమోదు కాలేదని, కరెంటు తెగడమో, మిషన్ బిగుసుకుపోవడమో జరిగి ఉండొచ్చని. వేరే అంకె ఉంటే నీలి తెర వచ్చిందని.

మీరు ఫోనులో తీసి పంపిన మూడు నీలి తెరల మీద మూడు వేర్వేరు పేర్లున్నాయి. ఒకదాని మీద "మెమరీ మేనేజ్‌మెంట్", ఇంకోదాని మీద "ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్", మూడోదాని మీద "పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా". ఈవెంట్ వ్యూయర్‌లో ఇవే 26, 10, 80 అని కనిపిస్తాయి. పేరు చూసి జబ్బు చెప్పేయకూడదు. చెడ్డ డ్రైవర్ కూడా ఇవే పేర్లు పుట్టించగలదు. అయితే డ్రైవర్ తప్పయితే సాధారణంగా ఒకే పేరు, ఒకే ఫైలు మళ్లీమళ్లీ వస్తుంది. ఇలా ఒక్కోరోజు ఒక్కో మాట చెప్తోందంటే, లోపల రాసిపెట్టిన అక్షరాలే అక్కడక్కడ చెదిరిపోతున్నాయని, అంటే ర్యామ్ మీద అనుమానం పెట్టుకోవాలి. మీరు దసరా ముందు వేయించిన 8 జీబీ ముక్క తేదీ కూడా దీనికి సరిపోతోంది.

దీన్ని పాప ఆడుకునే సమయంలోనే, అంటే రాత్రి ప్రింటర్ ఆపేశాక పరీక్షించవచ్చు. మెమ్‌టెస్ట్86 ప్లస్ అని ఉచితంగా దొరికే చిన్న ప్రోగ్రాముని పెన్‌డ్రైవులో ఎక్కించి, విండోస్ జోలికి పోకుండా దాని నుంచే కంప్యూటర్‌ని ఆన్ చేయమని తమ్ముడికి చెప్పండి. తెల్లారేదాకా నడవనివ్వండి. ఒక్క తప్పు కనిపించినా సరే, ఆ ర్యామ్‌ని అలాగే నమ్మకూడదు. "ఒక్కటే కదా" అని వదలకూడదు. విండోస్‌లోనే ఉండే మెమరీ డయాగ్నస్టిక్ కూడా వాడొచ్చు, కానీ అది బాగుందని చెప్పినంత మాత్రాన నేను నమ్మను. తప్పు కనిపిస్తే ప్లగ్గు పీకి, పాత ముక్క తీసి కొత్తదొక్కటే ఉంచి ఒక రాత్రి, కొత్తది తీసి పాతదొక్కటే ఉంచి ఒక రాత్రి నడపాలి. తీసినప్పుడు బంగారు రంగు పళ్లని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది తుడిచి పెడితే, ఒట్టి మురికి సమస్య అయితే అక్కడే తీరిపోతుంది. విడివిడిగా రెండూ బాగుండి, కలిపితేనే తప్పులొస్తే, ఆ రెండింటికీ పొత్తు కుదరలేదన్న మాట. చెడ్డదేదో తేలితే బిల్లు వెతకండి. ర్యామ్‌కి చాలా కంపెనీలు ఏళ్ల తరబడి వారంటీ ఇస్తాయి.

మూడు ఫార్మాట్లు ఎందుకు పనిచేయలేదో కూడా ఇక్కడే ఉంది. విండోస్ మళ్లీ వేసేటప్పుడు ప్రతి ఫైలూ ర్యామ్ గుండానే డిస్క్‌లోకి వెళ్తుంది. ర్యామ్ చెడ్డదైతే కొత్త విండోస్ కూడా పుట్టుకతోనే చెడి ఉండొచ్చు. మీ శుభలేఖల ఫైళ్లూ అంతే. బాగానే సేవ్ అయినట్టుంటుంది, నెల తర్వాత తెరుచుకోకపోవచ్చు. అందుకే, ఏ పరీక్షా మొదలుపెట్టకముందే మీ పాత పనులన్నీ వేరే డిస్క్‌లోకి తీసి, ముఖ్యమైనవి నాలుగైదు తెరిచి చూసుకోండి. తమ్ముడిని క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాములో హార్డ్‌డిస్క్ ఆరోగ్యం కూడా చూడమనండి. అందులో 05, సీ5 అనే వరుసల్లో సున్నా కాక వేరే అంకెలుండి, అవి పెరుగుతుంటే ర్యామ్ కంటే ముందు డిస్కే మార్చాలి. మిగతావి పోతే కొనుక్కోవచ్చు, పన్నెండేళ్ల పని పోతే కొనుక్కోలేం.

మీ తమ్ముడిని నేను తప్పుపట్టను. తప్పు మిషన్‌దా, ప్రోగ్రాములదా అని ప్రపంచమంతా ఈ రెండింటి మధ్య తడబడుతూనే ఉంది. 2024 జూలై 19న లక్షల కంప్యూటర్లు ఒకేరోజు నీలి తెర వేసుకుని కూర్చున్నాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం దెబ్బతిన్నవి 85 లక్షలు. తప్పు మిషన్లది కాదు, క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక లోపమున్న అప్‌డేట్ ఫైలు వల్ల జరిగింది. అదే ఏడాది ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లతో దీనికి తిరగేసిన కథ నడిచింది. గేములు కూలిపోతుంటే జనం గేములనీ గ్రాఫిక్స్ డ్రైవర్లనీ నెలల తరబడి తిట్టారు. చివరికి ప్రాసెసర్‌కి అవసరాన్ని మించిన వోల్టేజీ వెళ్లి అది లోపలే దెబ్బతింటోందని తేలింది. కంపెనీ సవరణ ఇచ్చింది, వారంటీ రెండేళ్లు పెంచింది, అయినా అప్పటికే దెబ్బతిన్న చిప్పులు ఆ సవరణతో బాగుపడలేదు. మీ ఐ3 ఆ తరానిది కాదు, దానికి ఈ భయం లేదు.

మీ తమ్ముడు చేసిన పనిలో నాకు నచ్చనిది ఒక్కటే. రెండో ఫార్మాట్‌తో పాటు ప్రింటర్ డ్రైవర్ మార్చి, ర్యామ్ స్లాట్ కూడా మార్చాడని రాశారు. మూడూ ఒకేసారి మారిస్తే, బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు, బాగుపడకపోయినా ఏది కాదో తెలియదు. ఇకనుంచి ఒక్కటే మార్చాలి, రెండు మూడు రోజులు చూడాలి, తర్వాతే ఇంకోటి. కౌంటర్ మీద ఒక నోట్‌బుక్ పెట్టి, ఆగిన ప్రతిసారీ తేదీ, టైము, నీలి తెరా లేక ఆరిపోవడమా, ప్రింటర్ నడుస్తోందా, కరెంటు ఉందా ఇన్వర్టరా అని ఒక్క గీతలో రాయండి. ఈ పుస్తకం మీ పాప చేతికిస్తే ఇంకా సంతోషం. ఈ పనికి ఆమెను పిలవడమే మీరు ఆమెకిచ్చే క్షమాపణ కూడా.

ఇక ఏం చేయాలన్నది మీ ఇష్టం. పైన చెప్పినవన్నీ తమ్ముడితో కూర్చుని చేస్తే ఒకటి రెండు వారాలు పడుతుంది, ఖర్చు దాదాపు ఉండదు, అతనికి చిన్నతనమూ ఉండదు. "నువ్వు చెప్పింది తప్పు" అని మొదలుపెట్టకుండా "ఈ పరీక్షలు చేద్దాం రా" అని పిలవండి. ముహూర్తాలు దగ్గరపడి రెండు వారాలు ఆగలేని పరిస్థితి అయితే, వేరే చోటు నుంచి ఒక పాత ల్యాప్‌టాప్ అద్దెకో అరువుకో తెచ్చి, దాంట్లో పని నడుపుతూ దీన్ని పరీక్షకి వదిలేయండి. షాపులోనే ఇవ్వాలనుకుంటే ఇవ్వండి, కానీ మదర్‌బోర్డు పోయిందని ఏ పరీక్షతో తేల్చారో అడగండి. దానికి "ఈ భాగాలు మార్చి చూశాం, తగ్గలేదు" అనే జవాబు రావాలి. పది నిమిషాల్లో ఆ జవాబు రాదు. బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బి ఉంటే మాత్రం వాళ్ల మాటలో బలముంది. పక్క తలుపు తీసి, గుండ్రటి చిన్న డబ్బాల తలలు చదునుగా ఉన్నాయో లేదో మీరే చూడొచ్చు. అలాగే ప్రాసెసర్ మీది ఫ్యానుకి ఆరేళ్ల దుమ్ము పట్టి ఉంటే ఊదించండి, వేసవి మధ్యాహ్నాల్లో అదీ ఒక కారణమే.

కొత్తది కొనేయడం మీకు చివరి దారిలా కనిపిస్తోంది గానీ, ఇప్పుడున్న తీగలతోనే దాన్ని బిగిస్తే ఆ 38,000 మిషన్ కూడా అదే ప్రింటర్ పక్కన, అదే ఇన్వర్టర్ మీద ఆరిపోవచ్చు. కొత్తదాంట్లో విండోస్ 11 వస్తుంది. మీ పాత పేజ్‌మేకర్, అనూ ఫాంట్లు దాంట్లో సరిగా కూర్చుంటాయో లేదో డబ్బు కట్టకముందే మీ ఫైలు ఒకటి తెరిపించి చూసుకోండి. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి కాబట్టి ఏదో ఒకరోజు మారక తప్పదు. ఆ మార్పు భద్రత కోసం. ఇప్పటి మీ బాధకి దానితో సంబంధం లేదు.

మొదట ఆ కాపీ బటన్ పరీక్ష చేసి, ఏం జరిగిందో రాయండి. మెమ్‌టెస్ట్ నడిచిన మర్నాడు తెర ఫొటో కూడా తీసి పంపండి, చూస్తాను.